సముద్రానికి మా నీళ్లు మోసుకపోయినం

మా హోటల్‌కు వచ్చేటోళ్లు రెండు రకాలు. టీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యమనేటోళ్లు ఒక రకం, మళ్లా రానోళ్లు ఇంకో రకం. వరంగల్ నుంచి వర్ధన్నపేట పోయే రోడ్డు పక్కన మా కాలనీ, కాలనీ మొదట్లో నా హోటల్. హోటల్ అంటే పెద్దగ ఊహించుకోవద్దు. నాలుగు గుంజలు, మీద తాటికమ్మల పందిరి, ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు బెంచీలు. ఐదో తరగతిలో లెక్కల సారు, "ఏసోబూ, నువ్వు చాయ్ అమ్ముకోను తప్ప ఎందుకూ పనికి రావురా" అన్నడు. పెద్దల మాట వినాలని బడిలోనే చెప్పిండ్రు గనుక, తెల్లారి నుంచి బడికి పోలేదు.

చాయ్ మంచిగ లేకపోవుడు నా చేతి తప్పు కాదు, నీళ్లది. మా కాలనీ బోరింగు నీళ్లు ఉప్పు. పాలు పోస్తే విరుగుతయి. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే పొద్దుగూకేదాక గింజ గింజగనే ఉంటది. సబ్బు రుద్దితే నురగ రాదు, చెయ్యి అరుగుతది. తాగే నీళ్లకు ఆడోళ్లు రోడ్డు దాటి ఒక పటేలు వ్యవసాయ బావి కాడికి పోతరు. కరెంటు వచ్చి మోటరు నడిచినప్పుడు పైపు కాడ బిందెలు నింపుకోవాలె. కరెంటు లేకపోతే నీళ్లు లేవు. పటేలుకు కోపమొస్తే నీళ్లు లేవు. ఆ ఎండాకాలం బావే అడుగంటింది. మిరప తోటకే సాలుత లేవు, వచ్చే ఏడు నుంచి మీరు వేరే చూసుకోండ్రని పటేలు మర్యాదగనే చెప్పిండు. అప్పటికే రెండిళ్లోళ్లు తాళాలేసి కాజీపేట దిక్కు చుట్టాలిండ్లకు పోయిండ్రు. ఇంకో నాలుగిండ్లల్లో మూటలు కడుతున్నరు. కాలనీ ఖాళీ అయితే నా చాయ్ ఎవరు తాగాలె? అంత ఉప్పు చాయ్ తాగేటోళ్లను మళ్లా ఎక్కడినుంచి తేవాలె?

మా చర్చి సంఘం కాడ కోత పండుగకు కూడిన కానుకల పైసలు ఉన్నయి. దానితో ఇంకో బోరు వేద్దామని సగం మంది. వేసిన రెండు బోర్లూ ఉప్పే పడ్డయి, మూడోది మాత్రం చక్కెర పడుతదా అని మిగిలిన సగం మంది. అప్పుడే డోర్నకల్‌లో రైల్వే పని చేసే మా చిన్నాయన ఒక కబురు చెప్పి పంపిండు. బాపట్ల అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉన్నదట, అక్కడ అద్దాల ఇల్లు కట్టి సముద్రం నీళ్లను తియ్యగ చేసి తాగుతున్నరట.

మా పాస్టరు అయ్యగారు ప్రార్థన అయినంక తీర్పు చెప్పిండు. ఇద్దరు పోయి చూసి రావాలె, ఒక సీసాల ఆ నీళ్లు తేవాలె, సంఘమంతా నాలుక మీద వేసుకొని చూసినంకనే పైసలు తీసేది. నీళ్లు మోసేది ఆడోళ్లు గనుక స్త్రీల సమాజం తరఫున రూతమ్మ. కొత్తోళ్లతో మాట్లాడను సిగ్గుపడనోడు ఒకడు కావాలె గనుక నేను.

రూతమ్మ మా నాయిన చెల్లె. ఆమె బిడ్డను చేసుకున్నంక నాకు పిల్లనిచ్చిన అత్త గూడ అయింది. అంటే నన్ను రెండు దిక్కుల నుంచి తిట్టే హక్కున్న మనిషి.

బయలెల్లుడు

బస్సు కాడికి అత్తమ్మ ఒక బట్టల సంచి, ఒక నూనె డబ్బా పట్టుకొని వచ్చింది. డబ్బా మూతికి గుడ్డ చుట్టి తాడుతో కట్టింది. ఊరికి పోతూ నూనె ఎందుకని అడిగిన. నూనె కాదు, మన బోరింగు నీళ్లు అన్నది.

"సముద్రం కాడికి నీళ్లు మోసుకపోతే లోకం ఏమంటది అత్తమ్మా?"

"లోకం మన ఇంట్ల పప్పు ఉడికిస్తదా? సముద్రం నీళ్లు తియ్యగైతే సముద్రపోళ్లకు సంబరం. మనయి అయితయో కావో చూడాలె గద. ఎత్తు."

ఎత్తిన. వరంగల్ స్టేషన్ దాక బస్సులో నా ఒళ్లో, స్టేషన్లో నా భుజం మీద. కూలాయన ఒకడు వెంటబడి, నెయ్యా, తేనెనా అని అడిగిండు. ఉప్పు నీళ్లు అన్న. ఆయనకు పొద్దునే పరాచికాలు నచ్చనట్టున్నది, వెళ్లిపోయిండు.

డోర్నకల్

డోర్నకల్‌లో చిన్నాయన క్వార్టర్ల దిగినం. చిన్న ఇల్లే గని వాకిట్లో నల్లా ఉన్నది. రైల్వే నీళ్లు. తిప్పితే వస్తయి, కట్టేస్తే ఆగుతయి, మధ్యల ఎవ్వరికీ దండం పెట్టే పని లేదు. అత్తమ్మ చేతులు కడుక్కునేటందుకు పోయి చాలాసేపు రాలేదు. ఏమైందో అని పోయి చూస్తే సబ్బు నురగ మోచేతుల దాక పెట్టుకొని దానిదిక్కే చూస్తూ నిలబడ్డది.

చిన్నమ్మ కందిపప్పు వండింది. పప్పు అంటే మెత్తగ ఉంటదని నాకు ఆనాడే తెలిసింది. తిన్నంక చాయ్ నేనే పెడతనన్న. నల్లా నీళ్లు, బర్రె పాలు, నా చెయ్యి. పాలు విరుగలేదు. రంగు రాగి చెంబు తీరు. మూడు గిలాసలు నేనే తాగిన. ఇన్నేండ్ల సంది చాయ్ అమ్ముతున్న గని, నా చేతి చాయ్ రుచి ఎట్లుంటదో నాకు తెలువదు. ఈ నీళ్లు మా కాలనీకి వస్తే హన్మకొండ నుంచి జనం లారీలు కట్టుకొని వస్తరని అక్కడ గోడకు ఆనుకొని కూసున్నప్పుడే నా హోటల్‌కు రేకులు వేసుకున్న, బోర్డు రాయించుకున్న, బల్లల మీద సన్మైక పెట్టించుకున్న. అంతా మనసులనే, ఖర్చు లేదు.

చిన్నాయన అద్దాల ఇంటి సంగతి మళ్లా చెప్పిండు. ఆయనకు తెలిసినంత వరకు దాని గొప్ప ఒకటే.

"బావి ఎండుతది, బోరు ఎండుతది. సముద్రం ఎండదురా."

"మాకు సముద్రం యాడిది చిన్నాయనా?"

"మీ బోరింగు ఎన్నడన్న ఎండిందా?"

ఆలోచిస్తే నిజమే. ఎవరూ తాగరు గనుక ఎన్నడూ ఎండలేదు. ఇన్నేండ్లు మేము తిట్టుకుంట తిరిగింది మా సముద్రాన్నే.

రైల్లో

తెల్లారి బెజవాడ బండి ఎక్కినం. నిలబడ సందు లేదు. డబ్బాను కాళ్ల నడుమ పెట్టుకొని అత్తమ్మ కూసున్నది. ఖమ్మం రాకముందే ఒక చిన్న పిల్లతల్లి, బిడ్డకు గొంతెండుతున్నది, జర నీళ్లు పొయ్యమని అడిగింది. డబ్బా మూతి కాడ గుడ్డ తడిగ ఉన్నది, నీళ్లని అందరికీ తెలుస్తనే ఉన్నది. అత్తమ్మ ఇవి తాగే నీళ్లు కావన్నది. ఎవ్వరూ నమ్మలేదు. ఎదురుంగ కూసున్న మిర్చి వ్యాపారి, ఖమ్మంలో దిగేటాయన, పెద్దమనిషి తీరున మధ్యల వచ్చిండు. పసిబిడ్డకు నీళ్లు లేవనే మనుషులను ఈ బండిల్నే చూస్తున్న అన్నడు.

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. నీళ్లు అడిగిన మనిషికి లేదనుడు ఆమెకు రాదు. నేను గిలాస తీసి సగం పోసి వ్యాపారికే ఇచ్చిన. ఆయన గటగట గొంతుల పోసుకున్నడు. ముఖంల ఎన్ని రంగులు మారినయో, అందరూ చూస్తున్నరు గనుక ఉమ్మలేదు, మింగిండు. చెయ్యితోటి మూతి తుడుచుకొని, భక్తిగ అడిగిండు:

"ఏ క్షేత్రం తీర్థం ఇది?"

"మా కాలనీ బోరింగు తీర్థం" అన్న.

"ఎటు తీసుకపోతున్నరు?"

"సముద్రానికి."

ఆ మాటకు మొదలైన నవ్వు రైలు పెట్టె చివర దాక పోయింది. తాపకొకడు కొత్తగ ఎక్కినోనికి మా కథ చెప్పుడు, వాడు వంగి నూనె డబ్బాను చూసుడు. వ్యాపారి ఖమ్మంలో దిగుతూ నాకు ఒక పొట్లం ఎర్ర మిరపకాయలు ఇచ్చి పోయిండు. దేనికని ఇచ్చిండో చెప్పలేదు. అత్తమ్మ నవ్వలేదు. బండి ఆగంగనే దిగి, జనాన్ని తోసుకుంట ప్లాట్‌ఫారం నల్లా కాడికి పోయి, చెంబు నింపుకొచ్చి ఆ పిల్లతల్లికి ఇచ్చింది. అప్పుడుగని ఆమె ముఖం తెరిపిన పడలేదు.

కృష్ణ మీద

బెజవాడలో చాయ్ అర్ధ రూపాయి. మా దగ్గర కంటే పది పైసలు ఎక్కువ, పాలు తక్కువ, అయినా తియ్యగుంది. ఇంకో బండి ఎక్కి కృష్ణ వంతెన దాటినం. వంతెన ఎంతకూ ఒడవదు. అత్తమ్మ కొంగు నెత్తి మీదికి తీసుకొని కిటికీ కమ్మీలు పట్టుకొని చూసింది.

"ఇన్ని నీళ్లు ఎవరియి?"

"గవర్నమెంటుయి."

"గవర్నమెంటు ఒక్కతే తాగుతదా?"

జవాబు నాకు తెలిస్తే నేను చాయ్ ఎందుకు అమ్ముకుంట?

బాపట్ల దాటినంక భూమి చదునుగ, పచ్చగ ఉన్నది. అక్కడ మనుషులు మనల్ని పలకరించేటప్పుడే అండీ అంటరు, తిట్టేటప్పుడు గూడ అండీ అంటరు. మా దిక్కు జొన్నరొట్టె తిన్నంక బువ్వ ఉంటే పండుగ. వాళ్లు మూడు పూటలా బువ్వే తింటరు, దానికి మళ్లా గోంగూర సరిపోలేదని వంక పెడతరు. బస్సు దిగినంక సరుగుడు తోటల నడుమ ఇసుకలో నడక. నెత్తి మీద డబ్బా, కాలు ఇసుకలో, వెనుక నుంచి అత్తమ్మ సల్లగ నడువు, ఒలుకుతది అని. వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఆగి చూస్తున్నరు. ఒక ముసలాయన అడగనే అడిగిండు. చెప్పిన. ఆయన చాలాసేపు ఆలోచించి, మీ ఊళ్లో వైద్యులు లేరా అన్నడు.

తోట దాటంగనే సముద్రం. దాన్ని గురించి చదువుకున్నోళ్లు చాలా రాసిండ్రు, నేను రాయ. మా అత్తమ్మ ఏం చేసిందో చెప్త. నీళ్లలోకి పోయి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకొని, ఊసింది.

"మనయే నయం" అన్నది. ఆ మాటతో ఆమెకు సగం ధైర్యం వచ్చింది.

అద్దాల కింద చెమట

అద్దాల ఇల్లంటే నేను రాజభవనం అనుకున్న. మోకాలెత్తు సిమెంటు తొట్లు, మంచాల తీరున వరుసగ ఉన్నయి. లోపల నల్ల రంగు. మీద పూరింటి కప్పు లెక్క రెండు దిక్కులా ఏటవాలుగ అద్దాలు. తొట్టిల సముద్రం నీళ్లు పోస్తే ఎండకు కాగి ఆవిరై, అద్దం లోపలి దిక్కు చెమట పట్టినట్టు బొట్లు బొట్లు అయితయి. ఆ బొట్లు జారి కింద సన్నటి కాలువల పడి, గొట్టంల నుంచి బిందెలకు వస్తయి. ఉప్పు తొట్టిలనే ఉంటది. కరెంటు లేదు, మోటరు లేదు. నేను మూత పెట్టి అన్నం వండిన ప్రతిసారీ చూసిందే ఇది, గని మూతకు చిప్ప పట్టాలని నాకు తోచలేదు.

దాన్ని చూసుకునే కాంతారావుగారు గవర్నమెంటు మనిషి, మంచి మనిషి. డబ్బాల ఏముందో విని నవ్విండు. అందరూ అద్దాలు చూసి పోతారు గానీ సొంత నీళ్లు తెచ్చింది మీరేనండీ అన్నడు. ఒక చిన్న తొట్టి కడిగి ఖాళీగ పెట్టి ఉన్నది, రేపు పొద్దున అందులో మీ నీళ్లు పోద్దామన్నడు. తర్వాత ఒక సంగతి అడిగిండు. నీళ్లు ఆవిరై పోయినంక మిగిలిన చిక్కటి ఉప్పు నీళ్లను ఇక్కడైతే సముద్రంలోనే పారబోస్తం, మీరేం చేస్తారు? పొలంల పోస్తే పొలం పోతది, బావి కాడ పోస్తే మళ్లా బావిలకే దిగుతది. నేను మా చాయ్‌లో పోస్తనన్న, ఎవ్వరికీ తేడా తెలువదని. అత్తమ్మ నా దిక్కు చూసిన చూపుతోటే తొట్లల్ల నీళ్లు కాగేటియి.

నీళ్లు పంచేది ఆదెమ్మ అని ఆ పల్లె మనిషి. నీళ్లు కొలిచి పోసే ఇత్తడి సోల ఆమె చేతిల ఉంటది. మా ఇద్దరికీ వాళ్లింట్లోనే బస. అత్తమ్మా ఆమే పొద్దుగూకకముందే వదినా అంటే వదినా అనుకున్నరు. మునుపు వాళ్లకు కాలువ చివర నుంచి బండ్ల మీద నీళ్లు వచ్చేటియట. ఎండాకాలం కాలువ కట్టేస్తే బండీ లేదు, నీళ్లూ లేవు. ఈ తొట్లు ఇచ్చేది కొంచెమే. ఇంటికి తాగేటందుకు సరిపోతది, వంటకూ స్నానానికీ ఇసుకలో తవ్విన చెలమ నీళ్లే. కొంచెమే గని ఎండ ఉన్న ప్రతి రోజూ వస్తయి, ఎవరినీ అడుక్కునేది లేదని ఆదెమ్మ చెప్పింది.

వంతులు గట్టివి. ముందు వేటకు పోయే పడవకు కుండెడు. తర్వాత బాలింతలు, పసిబిడ్డలు ఉన్న ఇండ్లు. తర్వాత మిగిలినోళ్లు. నీళ్ల కుండ లేకుంటే పడవ దిగదు. ఎటు చూసినా నీళ్లున్న చోట గాలి ఎదురైతే గొంతెండి పడిపోయిన మనుషులు వాళ్ల ఇండ్లల్లో ఉన్నరు. రోజుకొక పడవ కుండ నింపుతరు, ఒక్కో కుండతో రెండు మూడు వేటలు.

నా చాయ్

ఇంత విన్నంక గూడ నా బుద్ధి చూడుండ్రి. ఆ సాయంత్రం ఆదెమ్మ ఇంటి ముందు నలుగురు కూడిండ్రు. నేను రైలు కథ చెప్తున్న, నవ్వుతున్నరు. నవ్వేటోళ్లను చూస్తే నాకు చాయ్ పొయ్యాలనిపిస్తది, అది నా రోగం. వరంగల్ చాయ్ ఎట్లుంటదో చూపిస్త, జర మంచినీళ్లు ఇయ్యమ్మా అన్న. ఆదెమ్మ ఒకసారి ఒడ్డున ఉన్న పడవల దిక్కు చూసింది. ఇంట్లోకి పోయి ఒక కుండ తెచ్చి నా ముందు పెట్టింది. నేను కుండెడు నీళ్లూ కాచిన. పాలు విరుగలేదు. వాడంతా తాగిండ్రు, రెండోసారి గూడ అడిగిండ్రు. నా జీవితంల అంత మెప్పు రాలేదు.

తెల్లారి చూస్తే పడవలన్నీ పోయినయి, ఒక్కటి ఒడ్డునే ఉన్నది. అది ఆదెమ్మ కొడుకు సింహాద్రిది. ముగ్గురు తోటి మనుషులతో వల బాగు చేసుకుంటూ కూసున్నడు. వేటకు పోలేదా తమ్మీ అని అడిగిన. తల ఎత్తకుండ చెప్పిండు.

"మీ టీ చాలా బాగుందన్నా. ఒక రోజు వేటంత బాగుంది."

నాకు అర్థమయ్యేటందుకు కొంచెంసేపు పట్టింది. నేను కాచింది ఆ పడవ కుండ. చుట్టం అడిగిండని ఆ తల్లి లేదనలేక ఇచ్చింది. మళ్లా ఆ పడవ వంతు వచ్చేది రెండు రోజులకు.

నేను ఆదెమ్మ కాడికి ఉరికిన. సోల మీ చేతిలనే ఉన్నది గద అమ్మా, ఈ పూట ఒక కుండ ముందు తీసియ్యమన్న.

"నా చేతిలో ఉంది గనకే తియ్యకూడదు బాబూ. నా కొడుక్కి ఒక్క సోల ముందు పోశానంటే రేపటి నుంచి ఎవరికి వారే సోల పట్టుకొస్తారు."

కోపంగ చెప్పలేదు. చింతపండు పిసుక్కుంట చెప్పింది. పక్కన కూసున్న అత్తమ్మ నన్ను తిట్టలేదు. అత్తమ్మ నన్ను తిట్టలేదంటే అది ఎంత పెద్ద తప్పో మీరే అనుకోండ్రి.

ఒక బిందె

ఆ రోజంతా నేను చిన్న తొట్టి పక్కన కూసున్న. పొద్దునే కాంతారావుగారు మా డబ్బా నీళ్లు అందులో పోసిండు. ఎండ ఎక్కినకొద్దీ అద్దానికి బొట్లు పట్టినయి. మా బోరింగు నీళ్లు, పాలు విరగగొట్టే నీళ్లు, ఖమ్మం మిర్చి వ్యాపారి ముఖం రంగు మార్చిన నీళ్లు, బొట్టు బొట్టుగ జారుతున్నయి. మధ్యాహ్నం మబ్బు పట్టింది, బొట్లు ఆగినయి. మళ్లా ఎండ వచ్చింది, మళ్లా జారినయి. బొట్లు చూస్తుంటే నాకు లెక్క దొరికింది. నిన్న సాయంత్రం ఒక్క వాడకు ఒక్కసారి చాయ్ పోస్తే ఒక పడవ ఒడ్డున పడ్డది. నా హోటల్ పొద్దంత నడవాలంటే ఎన్ని ఇండ్ల గొంతులు ఎండాలె? డోర్నకల్‌లో మనసుల వేసుకున్న రేకులు ఒక్కొక్కటే ఊడదీసిన. బోర్డు గూడ దించేసిన. సన్మైక బల్లలు మాత్రం కొంచెంసేపు ఉండనిచ్చిన.

పొద్దుగూకేవరకు ఒక బిందె వచ్చింది, సగం డబ్బా గూడ కాదు. తొట్టిల మిగిలింది పారబోసి, తెల్లారి నుంచి దాంట్లో సముద్రం నీళ్లే పొయ్యాలన్నడు కాంతారావుగారు. ఆదివారం సంఘం కూడుతది, ఇంకో తాప పోసి చూసే వీలు మాకు లేదు. నేను సంచిల నుంచి సీసా తీసిన. అత్తమ్మ బిందెను చంకన పెట్టుకొని నడుస్తున్నది. సీసా నింపుకుందామని వెంటబడ్డ.

ఆమె నేరుగ సింహాద్రి పడవ కాడికి పోయింది. కుండ ఇటు పట్టు నాయినా అన్నది. సింహాద్రి వద్దన్నడు. ఆదెమ్మ గూడ వచ్చి, వదినా, మీరు ఊరు దాటించి తెచ్చుకున్న నీళ్లు అన్నది.

"ఇవి మీ తొట్టి వంతుల నీళ్లు కావు ఒదినె. మా ఊరి నీళ్లు. మా చుట్టరికం మేము పోసుకుంటున్నం. నువ్వు అడ్డం రాకు."

వంతు తప్పలేదు గనుక ఆదెమ్మ సోల పక్కన పెట్టి ఊరుకున్నది. అత్తమ్మ చుక్క మిగలకుండ పోసింది. నేను ఖాళీ సీసా పట్టుకొని నిలబడ్డ. అయ్యగారికి ఏం చూపిస్తం అత్తమ్మా అని మెల్లగ అడిగిన. కుండ మూతికి గుడ్డ కట్టుకుంట, "నీ ముఖం చూపిస్త" అన్నది.

తెల్లారి పడవ పోయింది. మధ్యాహ్నం గాలికి తిరిగొచ్చింది. కుండను బోర్లించి పట్టుకొని సింహాద్రి ఇసుకలో నడుచుకుంట వచ్చిండు. ఆదెమ్మ కానాగంత చేపల పులుసు పెట్టింది. మేము వరంగల్ అంగట్లో కొనేటియి ఎండినయి, అవి ఎండకముందు ఇంత మెత్తగ ఉంటయని మాకు ఎవరూ చెప్పలేదు. ఖమ్మం మిరపకాయలు ఆదెమ్మకే ఇచ్చి, సాయంత్రం బస్సెక్కినం. వచ్చేటప్పుడు డబ్బా ఖాళీ, నెత్తి సల్లగున్నది.

సంఘంలో

ఆదివారం ఆరాధన అయినంక అందరూ కూసున్నరు. మూటలు కట్టినోళ్లు గూడ వచ్చిండ్రు. తొట్లు, అద్దాలు, చెమట, అంతా నేను చెప్పిన. ఉప్పు మిగులును పారబోసే సంగతి గూడ దాచకుండ చెప్పిన. దానికి కాలనీ వెనుక రాతి భూమిల సిమెంటు గుంట కట్టి ఎండబెడితే సరిపోతదని మా మేస్త్రీ ఒకాయన లేచి చెప్పిండు. మబ్బున్న నాడు తక్కువొస్తయని చెప్పిన. తాగేటందుకే సరిపోతయి, ఇంటికింత అని కొలిచి పంచాలె అని చెప్పిన. చివరకు గొంతు సవరించుకొని, హోటల్‌కు ఒక్క చుక్క రాదు, రావద్దు అని గూడ చెప్పిన. అందరూ నేను పరాచికమాడుతున్న అనుకొని నవ్విండ్రు. నవ్వు ఆగేదాక నిలబడి మళ్లా అదే చెప్పిన.

సీసా ఏదని అయ్యగారు అడిగిండు. లేదన్నం. పోనీ మన నీళ్ల రుచి ఎట్లున్నదో చెప్పండ్రి అన్నడు. నేను అత్తమ్మ దిక్కు చూసిన, అత్తమ్మ నా దిక్కు చూసింది. ఇద్దరం నాలుక మీద వేసుకోలేదు. అంత దూరం మోసి, పొద్దంత కాచి, బిందెడు నీళ్లు చేత పట్టుకొని గూడ రుచి చూడాలని ఒక్కరికీ యాదికి రాలేదు. సంఘంలో గుసగుసలు లేచినయి. వెనుక బెంచీల మూడో బోరోళ్లు అప్పుడే సంబరపడుతున్నరు.

అత్తమ్మ లేచింది.

"నేను తాగలే. తాగినోళ్లు నలుగురు. ఆ నీళ్ల మీద పానం పెట్టి సముద్రంలకు పోయిండ్రు, తిరిగొచ్చిండ్రు. వాళ్లను నా కండ్లతోటి చూసిన. ఇంకేం రుచి కావాలె మీకు?"

మొదట చెయ్యెత్తింది మూట కట్టుకున్న ఒక బాలింత. తర్వాత ఆడోళ్ల దిక్కు అన్ని చేతులు లేచినయి. మగోళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని మెల్లగ ఎత్తిండ్రు. నేను రెండు చేతులు ఎత్తితే ఒకటి దించమన్నరు.

సోల ఎవరు పట్టాలనే మాట వచ్చినప్పుడు పోటీ లేదు. అత్తమ్మ పట్టింది. పట్టంగనే వరుస చెప్పింది. ముందు కలుపుకూ కోతకూ ఎండల పోయేటోళ్ల చెంబులు, తర్వాత బాలింతలు, పసిబిడ్డలు, మంచంల పడ్డోళ్లు, తర్వాత ఇంటికింత. చర్చి కాపలా ముసలాయన దాక వచ్చి ఆగింది. నేను ఏమీ అడుగలేదు. అడుగకుండ కూసునుడు నాకు ఎంత కష్టమో మా కాలనీ అంతటికీ తెలుసు. అత్తమ్మ సోలను ఒళ్లో పెట్టుకొని నా దిక్కు తిరిగింది.

"అల్లుడా, అద్దం లోపలి నీళ్లు కాలనీయి. వానకాలం అద్దాల మీద వాన పడుతది గద. దానికి బయట రేకు కాలువ కట్టుకొని డ్రమ్ము పెట్టుకో. అది నీది."

తొట్లు లేచినంక కట్టుకున్న. ఇది రాసేటప్పుడు వాన పడుతున్నది. డ్రమ్ము నిండింది, పాలు విరుగలేదు, రెండు బెంచీలు సాలక నలుగురు పందిరి కింద నిలబడి తాగుతున్నరు. అద్దం లోపల ఇయ్యాల బొట్లు తక్కువ గనుక అత్తమ్మ సోల పట్టుకొని చెంబుల వరుస ముందు గట్టిగ మాట్లాడుతున్నది. ఒక చాయ్ పంపిన. చక్కెర ఎక్కువైందని గిలాస తిరిగి పంపింది, తాగినంకనే.